పందొమ్మిదో హెచ్చరిక

హాల్వర్సన్ కంపెనీ మెట్లపీటను తిరగేస్తే అడుగున అరచేయంత పసుపుపచ్చ చీటీ ఒకటి అంటించి ఉంటుంది. దానిమీద ఇరవై రెండు హెచ్చరికలు. ఇది పొయ్యిమీద పెట్టే వస్తువు కాదు. ఇది తినే పదార్థం కాదు. కదులుతున్న వాహనంలో దీనిమీద నిలబడరాదు. దీనిమీద నిలబడి నిద్రపోరాదు. నీళ్లలో మునుగుతున్న మనిషికి దీన్ని విసరరాదు. పిల్లికి స్నానం చేయించేటప్పుడు తొట్టిమీద మూతగా వాడరాదు. అక్కడినుంచి ఇంకా పదహారు.

ఆ చీటీలను చుట్టనుంచి ఒక్కొక్కటే ఒలిచి, గాలిబుడగ నిలవకుండా బొటనవేలితో అదిమి అంటించడం ఆర్డిస్ టోలెఫ్సన్ పని. బెర్గన్ ఫాల్స్‌లో పని అంటే ఆ కంపెనీయే, వేరే ఏమీ లేదు. చేరినప్పుడు ఇసుకకాగితం పట్టింది. మోకాళ్లు మొరాయించాక కూర్చుని చేసే పని ఇచ్చారు. చీటీలు అంటించడంతోపాటు కంపెనీకి వచ్చిన ఉత్తరాలు విప్పడం, ఏటా జనవరిలో జరిగే సభకి మినిట్స్ రాయడం కూడా ఆమెకే అప్పగించారు.

ఆ ఉత్తరం నవంబరులో వచ్చింది. జింకల వేట మొదలైన వారం. మగవాళ్లలో సగంమంది తుపాకులు పట్టుకుని అడవిలో ఉన్నారు, ఫ్యాక్టరీ బోసిగా ఉంది. గీతల కాగితంమీద నీలం సిరాతో పొందికగా రాసిన ఉత్తరం.

"అయ్యా, పనిలో ఉన్నవాళ్లని ఇబ్బంది పెడుతున్నందుకు ముందుగా క్షమించండి. మీ పీట చాలా మంచి పీట. మా అక్కకి కూడా ఒకటి కొనిచ్చాం. పోయిన నెల మా అమ్మాయి జోలీన్ దాన్ని మడుస్తుంటే ఎడమచేతి ఉంగరంవేలు వెనక మడతబందులో పడింది. పై కణుపు పోయింది. పాపకి ఏడేళ్లు. తప్పు మాదే. మీ చీటీలో పందొమ్మిదోది సరిగ్గా ఆ మాటే చెబుతోంది. పీట కొన్నరోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఆ చీటీ పైకి చదివాడు. పిల్లి దగ్గరికి వచ్చేసరికి అందరం పడీపడీ నవ్వాం. తిండి చల్లారిపోతోందని అక్కడితో ఆపేశాం. చివరిదాకా చదవాల్సింది. మాకేమీ అక్కర్లేదు, మీకు తెలిస్తే మంచిదని రాస్తున్నాను, అంతే. వెర్నా పెట్రిక్."

ఆర్డిస్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, మళ్లీ విప్పింది. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఈ చేటు ఎక్కడ మొదలైందో ఆమెకి తెలుసు. రెండేళ్లకిందటి సభలో రంపం దగ్గర పనిచేసే మర్విన్ సరదాకి అన్నాడు ఆ పిల్లి మాట. సభలో ఎవరేమన్నా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి, పుస్తకంలోకి ఎక్కిందల్లా చీటీమీదికి ఎక్కాలి. అది బీమా కంపెనీ పెట్టిన పద్ధతి. పిల్లిని ఆ పుస్తకంలోకి ఎక్కించింది తన చెయ్యే. మిగతావాళ్లతోపాటు నవ్వుతూ ఎక్కించింది.

ఉత్తరం పట్టుకుని వెండెల్ హాల్వర్సన్ గదికి వెళ్లింది. వెండెల్ ఇప్పుడు యజమాని. నిక్కరు వేసుకుని రంపపుపొట్టులో దొర్లే వయసునుంచి అతను ఆమెకి తెలుసు.

"అయ్యో, పాపం," అన్నాడు వెండెల్ చదివి. నిజంగానే బాధపడ్డాడు. "పాపకి ఇప్పుడెలా ఉందట?"

"అది రాయలేదు. మనల్ని ఇబ్బంది పెట్టినందుకు క్షమించమంది."

"లాయరు పేరేమైనా ఉందా?"

"లేదు. వాళ్ల అక్కకి కూడా మన పీటే కొన్నామని ఉంది."

వెండెల్ మిల్వాకీకి ఫోను చేశాడు. బీమా కంపెనీ తరఫున వీళ్ల వ్యవహారాలు చూసేది కెల్లర్ అనే ఆయన. ఆర్డిస్ గుమ్మంలోనే నిలబడింది. ఫోనులో కెల్లర్ గొంతు గదంతా వినిపిస్తోంది.

"దావా వెయ్యలేదుగా? మరింకేం. హెచ్చరిక మనం ఇచ్చాం, వాళ్లు చదవలేదు. చదవలేదని వాళ్లే సంతకం పెట్టి రాసిచ్చారు. ఇంతకంటే మంచి ఉత్తరం జన్మలో రాదు మీకు. భద్రంగా ఫైల్లో పెట్టండి."

ఆర్డిస్ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎదురుగా పీటలు బోర్లా పడుకుని వరస కట్టి ఉన్నాయి. రోజుకి అరవై. క్రిస్మస్ దగ్గర పడుతోంది కాబట్టి కొన్నాళ్లలో ఎనభై అవుతాయి. ఒక్కొక్క పీటా ఒక్కొక్క వంటింటికి పోతుంది. పీట ఉన్న వంటింట్లో దాన్ని ఎక్కి బిస్కట్ల డబ్బా దించేది ఎవరో చెప్పక్కర్లేదు. ఆమె చెయ్యి చీటీమీద ఆగింది. ఎర్ర పెన్సిలు తీసి పందొమ్మిది చుట్టూ సున్నా చుట్టింది. తరవాతి పీటకీ చుట్టింది.

రెండురోజులు ఎవరూ చూడలేదు. మూడోరోజు వెండెల్ చూశాడు.

"ఇదేమిటి ఆర్డిస్?"

"గంపెడు పొట్టులో గింజ ఒక్కటే ఉంది, వెండెల్. అది కంటికి కనబడాలి. చీటీమీద ఆ ఒక్కటే పెద్ద అక్షరాల్లో వెయ్యమను."

వెండెల్ మళ్లీ ఫోను చేశాడు, మళ్లీ జవాబు మోసుకొచ్చాడు. "ఒకటి పెద్దది చేస్తే మిగతా ఇరవై ఒకటీ చిన్నవని మనమే ఒప్పుకున్నట్టట. రేపు ఎవడో పీటమీద నిలబడి నిద్రపోయి పడతాడు, నా హెచ్చరిక మాత్రం చిన్న అక్షరాల్లో ఎందుకేశారని కోర్టుకెక్కుతాడట. అన్నీ ఒకే సైజులో ఉండాలి. ఆ పెన్సిలు ఇలా ఇచ్చెయ్యండి."

పెన్సిలు ఇచ్చేసింది.

వేట ముగిసి మర్విన్ పనిలోకి వచ్చాక, మధ్యాహ్నం తిండివేళ ఆర్డిస్ ఒక పీట చంకన పెట్టుకుని అతని దగ్గరికి వెళ్లింది. ఉత్తరం సంగతి చెప్పింది, పిల్లి సంగతి కూడా దాచకుండా చెప్పింది. మర్విన్ నోట్లో రొట్టెముక్క ఉంది. దాన్ని నమలడం ఆపేశాడు.

"నేనేదో నవ్వించడానికన్నాను," అన్నాడు.

"తెలుసు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఇది చూడు. వేలు నలగకుండా ఏమైనా చెయ్యచ్చా?"

మర్విన్ పీటని రెండుమూడుసార్లు విప్పాడు, మూశాడు. జేబులోంచి పెన్సిలు తీసి పక్కచెక్కమీద చుక్క పెట్టి, బెజ్జం వేసి, చిటికెనవేలంత బోల్టు దిగేశాడు. పీట మడిస్తే అంగుళం ఇవతలే ఆగిపోయింది. మడతబందు పూర్తిగా మూసుకోలేదు. వేలు దూరినా నలగదు.

"ఇంతేనా?" అంది ఆర్డిస్.

"ఇంతే. డోనట్ ఖరీదు కూడా ఉండదు. కాకపోతే మడిచినప్పుడు అంగుళం లావవుతుంది."

ఆ అంగుళం దగ్గరే వచ్చింది చిక్కు. మూడోసారి చెప్పడానికి ఆర్డిస్ వెండెల్ గదికి వెళ్లి పీట చూపిస్తే అతను మడిచి చూశాడు, విప్పి చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"రెండంగుళాల సందులో పట్టే పీట. నాన్న దీన్ని గీసినప్పటినుంచి పెట్టెమీద ఆ మాటే ఉంది. జనం కొనేదే అందుకు, ఫ్రిజ్ వెనకాల దూరుతుందని. మూడంగుళాల పీట ఎవడైనా చేస్తాడు. ఇది నాన్న పీట ఆర్డిస్, దీన్ని నేను మార్చను. హెచ్చరిక ఉందిగా."

మాట నెమ్మదిగానే అన్నాడు. ఆ ఊళ్లో ఎవరూ గొంతు పెంచరు. కానీ పెంచకుండా అన్న మాట మరి కదలదు.

క్రిస్మస్ వచ్చింది, పోయింది. రోజుకి ఎనభై చొప్పున పీటలు వెళ్లాయి. ఆర్డిస్ అన్నిటికీ చీటీలు అంటించింది. జీతం తీసుకుంటున్న పని చెయ్యనంటే కుదరదు. ఇంటికెళ్లి కూర అడుగంటించుకుంది, పేకాటలో మాటిమాటికీ ఓడిపోయింది. చెల్లెలు "ఏమైందే నీకు?" అంటే "మోకాళ్లు," అంది.

జనవరిలో సభ జరిగింది. కాగితాలమీద దాని పేరు భద్రతా సమీక్ష. పనివాళ్లు దాన్ని వెర్రిసభ అనేవారు. తిండిగదిలో బల్లలు దగ్గరికి జరిపి, నడుమ డోనట్ల పెట్టెలు, కాఫీ కూజా పెట్టారు. కెల్లర్ మిల్వాకీనుంచి మంచులో కారు నడుపుకుంటూ వచ్చాడు. సన్నని మనిషి, మర్యాదస్తుడు. ఏటా చెప్పే మాటలే చెప్పాడు.

"ఈ పీటతో మనిషన్నవాడు చెయ్యగల తెలివితక్కువ పని ఏదైనా సరే, సిగ్గుపడకుండా చెప్పండి. ఆర్డిస్‌గారు అంతా రాస్తారు. ఈ పుస్తకంలో పేజీలకి నెంబర్లున్నాయి. పేజీ చింపకూడదు, రాసింది కొట్టెయ్యకూడదు. కోర్టులో, ఉన్న పేజీకంటే చింపిన పేజీయే ఎక్కువ మాట్లాడుతుంది. మనకి తెలిసి చెప్పలేదన్న మాట రాకూడదు, అంతే."

అందరూ డోనట్లు అందుకున్నారు. వార్నిష్ వేసే ముసలి ఓర్విల్ ముందుగా నోరు విప్పాడు.

"చర్చిలో పాస్టరు మాట్లాడుతున్నంతసేపూ దీనిమీద కూర్చోకూడదు."

"ఎందుకండీ?"

"వీపు పట్టేస్తుంది. పోయిన ఈస్టరుకి నాకు పట్టేసింది. ఆయన మోషేని ఎర్రసముద్రం దాటించేసరికి నన్ను ఇద్దరు లేపాల్సొచ్చింది."

"ఇరవై మూడు," అని రాసింది ఆర్డిస్.

"గడ్డకట్టిన చెరువుమీద దీన్ని వేసుకుని, మంచులో కన్నం పెట్టి చేపలు పట్టకూడదు," అంది పెట్టెలు కట్టే డార్లా.

"అలా ఎవరైనా చేస్తారా?" అన్నాడు కెల్లర్.

"ఈ మర్విన్ మొన్న ఆదివారం చేశాడు. చలేస్తోందని కింద స్టవ్ కూడా పెట్టుకున్నాడు."

"ఒక్క చేప పడలేదు," అన్నాడు మర్విన్. "పీట మంచిదే, చేపలే మంచివి కావు."

"ఇరవై నాలుగు."

"ఇంకోటి. అత్తగారికి కానుకగా ఇవ్వకూడదు," అంది డార్లా.

"కారణం?"

"ఎక్కి నిలబడితే పై అరలు కనబడతాయి. అరలమీద దుమ్ము కనబడుతుంది."

"అది గాయం కిందికి రాదండీ."

"మీకు మా అత్త తెలీదు."

గది గొల్లుమంది. కెల్లర్ కూడా నవ్వాడు. అయినా రాయమని ఆర్డిస్ వైపు సైగ చేశాడు. ఆర్డిస్ రాయలేదు. కలం బల్లమీద పెట్టి చెయ్యెత్తింది. ఇన్నేళ్లలో ఆ సభలో ఆమె నోరు విప్పింది లేదు.

"నేనూ ఒకటి చెప్పచ్చా?"

"తప్పకుండా. మీరూ ఇక్కడ పనిచేసేవారేగా."

"మడతబందులో పిల్లల వేళ్లు పడతాయి."

"అది పందొమ్మిదిలో ఉంది," అన్నాడు కెల్లర్.

"ఉంది. అది ఉండగానే ఏడేళ్ల పిల్లకి వేలు తెగింది. నేను చెప్పేది వేరు. పడకుండా చెయ్యచ్చు. మర్విన్, ఆ రెండు పీటలూ ఇలా తే. డార్లా, నీ డబ్బాలో క్యారెట్లున్నాయా?"

వెండెల్ కుర్చీలో కదిలాడు. "ఆర్డిస్," అన్నాడు నెమ్మదిగా. ఆమె వినబడనట్టే ఉంది.

మర్విన్ మామూలు పీట నిలబెట్టి, మడతబందులో క్యారెట్ పెట్టి మడిచాడు. క్యారెట్ టప్పున విరిగి ముక్క వెళ్లి కాఫీ కూజా పక్కన పడింది. తరవాత బోల్టు బిగించిన పీట నిలబెట్టి, రెండో క్యారెట్ పెట్టి మడిచాడు. తీసి అందరికీ చూపించాడు. దానిమీద గీత కూడా పడలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. డార్లా మాత్రం విరిగిన ముక్కను రుమాలుతో కప్పింది.

ఆర్డిస్ కలం తీసుకుంది. ఒక్కొక్క మాటా పైకి చదువుతూ రాసింది. "మడతబందులో వేలు నలగకుండా ఒక బోల్టుతో ఆపవచ్చు. సభలో చేసి చూపించారు. అందరూ చూశారు."

"ఒక్క నిమిషం," అన్నాడు కెల్లర్. "అది రాయకండి."

"రాసేశాను."

"అయితే..." అని ఆగిపోయాడు. కొట్టెయ్యమనడానికి లేదు, చింపమనడానికి లేదు. ఆ రెండు మాటలూ ఇందాక తనే అన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు. పుస్తకం తనవైపు తిప్పుకుని ఆ నాలుగు ముక్కలూ చదివాడు. అది గుండ్రంగా, స్పష్టంగా రాసిన చేతిరాత. ఏ జడ్జీ కూడా కళ్లు చికిలించుకోనక్కర్లేదు.

"వెండెల్‌గారూ," అన్నాడు. గొంతులో ఇందాకటి సరదా లేదు. "బాగుచేసే దారి లేనప్పుడు హెచ్చరిక చాలు. దారి ఉందని తెలిసి, అందరూ చూసి, పుస్తకంలో రాసి, అప్పుడు కూడా చెయ్యకపోతే ఇరవై రెండు కాదు, రెండువందల హెచ్చరికలు అంటించినా నేను మిమ్మల్ని కాపాడలేను. ఇది చదివాక మావాళ్లు మీకు బీమా రాయరు. బోల్టు వేస్తారా, ఫ్యాక్టరీ మూస్తారా అన్నది మీ ఇష్టం."

సభ అక్కడితో ముగిసింది. డోనట్లు మిగిలిపోయాయి. అది ఆ ఊళ్లో ఎప్పుడూ జరగనిది.

అందరూ వెళ్లాక వెండెల్ ఆర్డిస్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నాతో ముందు చెప్పాల్సింది."

"మూడుసార్లు చెప్పాను, వెండెల్."

"ఇలా నలుగురిలో..."

"నలుగురిలో చెబితేనే కదా అది పుస్తకంలో పడేది."

అతను బోల్టు వేసిన పీటని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో బోల్టు తలని తడిమాడు. "నాన్న ఉంటే ఏమనేవాడో."

"మీ నాన్న రంపం దగ్గర రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. నేను చేరిన ఏడాదే. ఆ మధ్యాహ్నం చేతికి గుడ్డ చుట్టి కారెక్కించింది నేనే. దారంతా ఆయన అడిగింది ఒకటే, వేళ్లు దొరికాయా అని. అంగుళం మాటేమో నాకు తెలీదు గానీ వేలి మాట ఆయనకి తెలుసు."

వెండెల్ పీటని మెల్లగా మడిచాడు. "పెట్టెమీద రెండంగుళాలని చెరిపించాలి," అన్నాడు.

"మూడని రాయించు."

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. పీట చంకన పెట్టుకుని తన గదికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున రంపాలు తిరగలేదు. గోదాములో ఉన్న పీటలన్నీ విప్పి, మర్విన్, మరో ఇద్దరు కూర్చుని బెజ్జాలు వెయ్యడం మొదలుపెట్టారు.

అప్పటికే అమ్మిన పీటల సంగతి మిగిలింది. కొన్నవాళ్లు కొంతమంది పీటతో వచ్చే కార్డులమీద తమ చిరునామా రాసి తిప్పి పంపారు. అవన్నీ ఆర్డిస్ బీరువాలోనే ఉన్నాయి. వాళ్లందరికీ ఒక బోల్టు, బిగించే విధం రాసిన కాగితం పోస్టులో పంపాలని తేలింది. ఆ కాగితం ఎలా ఉండాలో కెల్లర్ రాసి పంపాడు. అందులో ఎక్కడా "క్షమించండి" అన్న మాట ఉండకూడదని అడుగున రెండు గీతలు గీశాడు. క్షమించమంటే తప్పు ఒప్పుకున్నట్టట. బోల్టు పొట్లంమీద మింగరాదని అంటించమన్నాడు. ఆర్డిస్ గొణగలేదు. అది చిన్నపిల్లలున్న ఇంటికి పోయే వస్తువు, ఆ మాట ఉండాల్సిందే. పైగా ఆ పొట్లంమీద ఉన్నది ఆ ఒక్క మాటే.

వెర్నా పెట్రిక్ పొట్లాన్ని మాత్రం ఆర్డిస్ పోస్టులో వెయ్యలేదు. శనివారం పొద్దున బోల్టు, పానా, మర్విన్ ఇచ్చిన బెజ్జం వేసే చేతి బర్మా కోటు జేబుల్లో వేసుకుని, తన చిన్న ట్రక్కుమీది మంచు దులిపి, నలభై మైళ్లు నడుపుకుంటూ వెళ్లింది.

వెర్నా తలుపు తీసి, సంగతి విని, రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. "అయ్యో, నా ఉత్తరం మిమ్మల్ని ఈ మంచులో ఇంతదూరం రప్పించిందా! ఏమీ అనుకోకండి. లోపలికి రండి. కాఫీ పెడతాను. ఇల్లు చూడకండి, సర్దలేదు." ఇల్లు అద్దంలా ఉంది.

పీట ఫ్రిజ్ వెనకాల ఉంది. పాప వేలు తెగిన రోజునుంచి దాన్ని ఎవరూ బయటికి తియ్యలేదట. ఆర్డిస్ వంటింటి నేలమీద కూర్చుంది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. పీట అడ్డంగా పడుకోబెట్టి బర్మా తిప్పడం మొదలుపెట్టేసరికి పక్కన రెండు కాళ్లు వచ్చి నిలబడ్డాయి. ఎర్ర మేజోళ్లు. పిల్ల ఎడమచెయ్యి స్వెట్టరు జేబులో ఉంది.

"పిల్లి గురించి రాసింది మీరేనా?" అని అడిగింది.

"నేనే రాశాను. వేరేవాళ్లు చెప్పారు."

"మాకు పిల్లి ఉంది. దానికి మేం ఎప్పుడూ స్నానం చేయించలేదు."

"మంచి పని చేశారు."

"జోలీన్, ఆవిణ్ని పని చేసుకోనీ," అంది వెర్నా పొయ్యి దగ్గరినుంచి. "క్షమించండి, ఇది ఒకచోట ఉండదు."

ఆర్డిస్ బర్మా ఆపింది. "మీరు అనకండి ఆ మాట. ఉత్తరంలో కూడా మీరే అన్నారు." తరవాత పిల్లవైపు తిరిగింది. నేలమీద కూర్చుని ఉంది కాబట్టి ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. "చూడు జోలీన్, ఇది మా తప్పు. పీట ఇలా చెయ్యకూడదు మేము. నన్ను క్షమించు. మా కంపెనీవాళ్లు ఈ మాట అనద్దన్నారు, అందుకే నేను వచ్చి అంటున్నాను."

పిల్ల తల్లివైపు చూసింది. వెర్నా కాఫీగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, పొయ్యివైపు తిరిగి, వీపు ఇటు పెట్టి.

ఆర్డిస్ బోల్టు దిగేసి, పానాతో బిగించి, పీట నిలబెట్టింది. తన ఎడమచేతి ఉంగరంవేలు మడతబందులో పెట్టి, కుడిచేత్తో పీట మడిచింది. అంగుళం ఇవతలే ఆగింది.

"నొప్పెట్టలేదా?"

"లేదు."

"మీరు గట్టిగా మడవలేదు."

"అయితే నువ్వు మడువు."

"జోలీన్!" అంది తల్లి ఇటు తిరిగి.

"పరవాలేదండీ."

పిల్ల పీట దగ్గరికి జరిగింది. ఒంటిచేత్తో తోసింది. పీట కొంచెం కదిలి ఆగింది. స్వెట్టరు జేబులోంచి రెండో చెయ్యి కూడా తీసి, పొట్టివేలితో సహా పది వేళ్లూ చెక్కకి ఆనించి, ఎర్ర మేజోళ్లు నేలమీద జారుతుంటే ఒళ్లంతా బరువు పెట్టి తోసింది. పీట మూసుకోలేదు. ఆర్డిస్ వేలు అలాగే ఉంచింది, పిల్ల తొయ్యడం చాలించేదాకా.